గొట్టం మీద మూడు దెబ్బలు

కొండ మీద వాన, ఊళ్ళో ఎండ.

ట్యాంకు గది గుమ్మంలో నిలబడితే రెండూ ఒకేసారి కనిపిస్తున్నాయి. కొండ నడుము దగ్గర్నుంచి నల్లటి మబ్బు తడిసిన గోనెపట్టాలా కిందికి వేలాడుతోంది. దాని వెనక అడవి ఉందో లేదో తెలియడం లేదు, అంత వాన. ఇక్కడ వీధిలో మాత్రం మట్టి కాళ్ళకి చురుక్కుమంటోంది. గది దగ్గర్నుంచి మలుపు దాకా బకెట్లూ డబ్బాలూ నూనె క్యాన్లూ వరసగా పెట్టి, గోడల నీడన కూర్చుని, జనమంతా కొండనే చూస్తున్నారు.

ఆమె కూడా అటే చూస్తోంది. భుజం మీద బిడ్డ. ఇంకా పాకడం రాని పిల్ల, మొన్నట్నుంచీ విరేచనాలు. పుట్టినప్పుడు పిడికెడంత ఉందని మరిది దానికి పిడికెడు అని పేరు పెట్టాడు. ఇప్పుడా పిడికెడూ కరిగిపోతున్నట్టుంది. నడినెత్తి మీద మెత్తటి చోటు గుంట పడింది. దాన్ని తాకి చూడటం, చెయ్యి తీసెయ్యడం, ఊరుకోలేక మళ్ళీ తాకడం, పొద్దుట్నుంచీ ఆమెకి ఇదే పని. కాచిన నీళ్ళలో ఉప్పూ పంచదారా కలిపి చెంచాతో పడుతూనే ఉండు, ఆపకు, నీళ్ళు లోపలికి పోతున్నంతసేపూ భయం లేదు అంది ఆస్పత్రి నర్సు. చెప్పడం సులువే. కాచడానికి నీళ్ళుండాలిగా. గ్లాసు అడుగున రెండు మూడు చెంచాలు మిగిలాయి. నీళ్ళు వదిలే ఇంట్లోనే నీళ్ళు లేవంటే ఎవరు నమ్ముతారు? పోయిన వారం పక్కింటావిడ ఏదో పనున్నట్టు లోపలికొచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూ మంచం కింద కూడా చూసి వెళ్ళింది.

ఊరికి నీళ్ళు కొండ మీది వాగు నుంచి ఇనుప గొట్టంలో వస్తాయి. మోటార్లు లేవు. పైనుంచి కిందికి వాటంతటవి జారి రావడమే. పైన వాగుకి అడ్డంగా చిన్న కట్ట, కట్ట పక్కన మనిషి లోతు తొట్టి, తొట్టిలో ఇనుప జల్లెడ, జల్లెడ వెనక గొట్టం నోరు. కింద ఈ ట్యాంకు, దాన్ని ఆనుకునే వాళ్ళ ఇల్లు. పై కొస ఆ ఇంటి మగవాళ్ళది, కింది కొస ఆడవాళ్ళది. ఆఫీసు లెక్కలో ఉద్యోగం ఆమె భర్త ఒక్కడిదే గానీ, మామగారి కాలం నుంచీ ఇంటిల్లిపాదీ చేస్తేనే ఆ పని సాగేది.

పైన ఆ లోయలో ఫోన్లు పలకవు. అందుకని గొట్టమే వాళ్ళకి ఫోను. కట్ట గట్టు మీద గొట్టం నేల్లోంచి బయటికి తేలే చోట గొలుసుకి ఒక సుత్తి కట్టి ఉంటుంది. కింద ట్యాంకు గదిలో గొట్టం గోడలోంచి లోపలికొచ్చే చోట ఇంకో సుత్తి. ఇక్కడ కొడితే అక్కడ ఖంగుమంటుంది. కింద నుంచి రెండు దెబ్బలంటే నీళ్ళు రావడం లేదు, జల్లెడ చూడండి అని. మూడంటే నీళ్ళొచ్చాయి, ఇక చాలు, గట్టెక్కండి అని. ఏది కొట్టినా పైనుంచి ఒక్క దెబ్బ తిరిగొస్తుంది, విన్నామని. అంతే, అంతకు మించి వాళ్ళకి మాటలు అక్కర్లేకపోయాయి. కాపురానికి వచ్చిన కొత్తలో అత్త ముందుగా చూపించింది ఈ సుత్తినే. పొయ్యి ఎక్కడుందో తర్వాత చూపించింది.

సుత్తి ముట్టుకునే హక్కు మరిదికి మాత్రం లేదు. వాడి నోరు ఊరుకోదు, చెయ్యి అసలే ఊరుకోదు. ఒకసారి పైన తోచక గొట్టం మీద దరువు వేశాడు. కింద అత్త అందులో ఏది ఏమిటో తేల్చుకోలేక బుర్ర పట్టుకుని కూర్చుంటే, ట్యాంకు పొంగి వీధంతా పారింది. ఆ సాయంత్రం అత్త చిన్నకొడుకు చెవి మెలిపెట్టి, "ఇది నీ పెళ్ళి బాజా అనుకున్నావట్రా? ఇకనుంచి సుత్తి పెద్దోడే పట్టుకోవాలి. నువ్వు ముట్టుకున్నావని తెలిసిందో, వేళ్ళు విరుస్తా" అంది.

"విరిస్తే నీ తలెవరు దువ్వుతారే?" అన్నాడు వాడు.

అది నిజమే. అత్తకి కుడి భుజం లేవదు. రోజూ పొద్దున్నే చిన్నకొడుకే వెనక కూర్చుని చిక్కు తీసి జడ వేస్తాడు, వేస్తూ తెల్లవెంట్రుకలకి లెక్క చెబుతాడు, తిట్లు తింటాడు. అలా సుత్తి పెద్దవాడిది అయింది, తొట్టిలో దిగి జల్లెడ గీకడం చిన్నవాడిది అయింది.

మామగారి రోజుల్లో ఆ అడవి పరుపులా ఉండేదట. అడుగేస్తే పాదం ఆకుల్లో మునిగేదని అత్త చెబుతుంది. వాన ఒక్కసారిగా పడేది కాదు, తుంపర తుంపరగా నెలల తరబడి పడేది. నేల తాగేది, తాగిందాన్ని ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా వదిలేది. నడి ఎండాకాలంలో కూడా గొట్టానికి చెమట పట్టేది, పిల్లలు చెంపలు ఆనించుకునేవాళ్ళు. ఇప్పుడు చలికాలాలే వెచ్చగా వెళ్ళిపోతున్నాయి. పొద్దున్నే కొండకి పట్టే మంచు పట్టడం మానేసింది. చెట్లు నిలువునా ఎండాయి, ఎండినవాటిని పురుగు తిన్నది, పురుగు తిన్నవాటికి మొన్న ఎండల్లో నిప్పంటుకుంది. కొండంతా కాలింది. మంట చల్లారాక పైకెళ్ళి చూసొచ్చిన భర్త ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. "నేల పెంకులా అయిపోయింది. నీళ్ళు పోస్తే ఇంకడం లేదు, పెనం మీంచి జారినట్టు జారిపోతున్నాయి. కట్టకి ఎగువన లోయ నిండా కాలిన మానులు పడున్నాయి, అగ్గిపుల్లలు ఒలకబోసినట్టు" అన్నాడు. ఆమె అప్పుడు బిడ్డకి పాలిస్తూ విన్నది. ఊఁ అంది. ఆ మానుల గురించి మళ్ళీ ఆలోచించలేదు.

ఇవాళ తెల్లారగానే కొండ మీద మబ్బు కనిపించింది. నిప్పు తర్వాత మొదటి మబ్బు. ఆఫీసు నుంచి ఫోను: ఎలాగైనా ట్యాంకు నింపండి, జనం ఊరుకోవడం లేదు. అన్నదమ్ములిద్దరూ బయల్దేరారు. మరిది వెళ్తూ వెళ్తూ బిడ్డ అరికాలు గిల్లి, "పిడికెడూ, సాయంత్రానికి ట్యాంకు నింపేస్తాను, అందులో ఈత కొడుదువుగాని" అన్నాడు.

"ముందు గ్లాసుడు పంపించు, ఈత తర్వాత" అంది ఆమె.

"పంపిస్తే నాకేమిస్తావు వదినా?"

"మంచి పిల్లని చూసి పెడతాను."

"ఈ ఊరి పిల్లొద్దు. నీళ్ళున్న ఊరి పిల్లని చూడు. కట్నంగా రెండు బకెట్లు అడుగు."

భర్త నవ్వలేదు, కానీ నవ్వు రాకుండా మూతి బిగపట్టుకున్నాడు. పారలు భుజాన వేసుకుని ఇద్దరూ మలుపు తిరిగారు.

ఎండెక్కేసరికి నీళ్ళొచ్చాయి. వచ్చినవి నీళ్ళా? బొగ్గు నానబెట్టినట్టు నల్లగా, కాలిన వాసనతో. మొదటి నీళ్ళలో బూడిద ఉంటుంది, ట్యాంకులోకి రానివ్వకు, కాలవలోకి వదిలెయ్యి అని భర్త మరీ మరీ చెప్పి వెళ్ళాడు. ఆమె అలాగే వదిలింది. తేటగా మారేదాకా ఆగుదామనుకుంది. అవి తేటగా మారలేదు. సన్నబడ్డాయి, దారంలా అయ్యాయి, ఆగిపోయాయి.

ఆగి చాలాసేపయింది. కొండ మీద వాన మాత్రం ఆగలేదు.

"ఏమ్మా," అని వరసలోంచి లేచాడు టీ కొట్టాయన. పొడుగ్గా, ఎప్పుడూ భుజాన తువ్వాలుతో ఉంటాడు. వారం నుంచీ కొట్టు మూసే ఉంది. "వచ్చినవి కాస్తా కాలవ పాలు చేశావు. ఇప్పుడేమో గొట్టం ఊపిరి తీసుకుంటోంది. నేనైతే ఆ నల్లనీళ్ళే కాచి పంచదారేసి అమ్మేవాణ్ణి, డికాషన్ ఖర్చు మిగిలేది."

కొందరు నవ్వారు. ఆమెకి నవ్వు రాలేదు.

"కొండ మీద కుండపోతగా పడుతుంటే గొట్టంలో చుక్క లేదేం? మీ ఇంటి మగాళ్ళు పైన గుర్రు పెడుతున్నారేమో. లేపరాదూ?"

"గొట్టం కొట్టమ్మాయ్," అంది కుట్టుమిషను ఆవిడ, వరసలో ముందున్నది. మాట మెత్తన. "జల్లెడకి ఆకులడ్డం పడుంటాయి. ఎప్పుడూ అయ్యేదేగా."

ఎప్పుడూ అయ్యేదే. వాన పడి నీళ్ళు ఆగాయంటే జల్లెడకి ఆకులడ్డం పడ్డట్టే. అత్త నేర్పింది అదే, ఆమెకి తెలిసింది అదే. బిడ్డ భుజం మీద సన్నగా మూలిగింది. ఏడవడానికి కూడా ఓపిక లేని మూలుగు. ఆ మూలుగుతో ఆమె లోపలికెళ్ళి సుత్తి తీసింది.

ఖంగు. ఖంగు.

ఇనుము మీద చెయ్యి పెట్టి నిలబడింది. కాసేపటికి అరచేతిలో ఒక చిన్న అదురు, వెంటనే పైనుంచి సన్నగా ఖణేల్‌మన్న చప్పుడు. విన్నాం. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు పైన ఏం జరుగుతుందో కళ్ళకి కట్టినట్టు తెలుసు. భర్త సుత్తి వదిలి తమ్ముణ్ణి కేకేస్తాడు. మరిది లుంగీ ఎగ్గట్టి, పలుగు తీసుకుని తొట్టిలో దిగుతాడు. వెనకే ఈయనా దిగుతాడు, గీకిన చెత్త బయటికి ఎత్తిపొయ్యడానికి. కాసేపట్లో నీళ్ళు.

"చెప్పాను," అంది బయటికొచ్చి. "చూస్తున్నారు."

"చల్లగా ఉండు తల్లీ," అన్నాడు టీ కొట్టాయన, ఎవరో తన మాట నెగ్గించినట్టు.

అప్పుడొచ్చింది అత్త, ఆస్పత్రి వైపు నుంచి. ఆస్పత్రి వాగుకి అవతలుంది. బిడ్డకి కలిపే పొడి పొట్లాలు కొంగున ముడేసుకుని, ఎండకి మొహం కందిపోయి, గుమ్మంలో చతికిలబడింది.

"వంతెన మీంచి వస్తే చుట్టు. వాగులోంచే అడ్డంగా వచ్చేశాను" అంది.

"వాగులోంచా? తడవలేదూ?"

"ఏం తడుస్తాను? రాళ్ళు తేలి ఉన్నాయి. పొద్దున వెళ్ళేటప్పుడు మోకాలి దాకా నల్లగా పారింది, అందుకే వంతెనెక్కాను. ఇప్పుడు చెప్పు కూడా తడవలేదు. ఇటివ్వు పిల్లని. ఏమే బంగారం, కళ్ళు తెరువు. నీళ్ళొచ్చాయా?"

"లేదత్తయ్యా. ఆగిపోయాయి. రెండు కొట్టాను, జవాబిచ్చారు. జల్లెడ అడ్డం పడుంటుంది."

"అంతే అయ్యుంటుంది." అత్త బిడ్డ నోట్లో చివరి చెంచా నీళ్ళు పోసింది.

ఆమె ఖాళీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. ఏదో కాలికి ముల్లులా గుచ్చుకుంటోంది, ఏమిటో దొరకడం లేదు. కొండ వైపు చూసింది. మబ్బు ఇంకా కిందికి దిగింది. పోయిన ఏడు వాన పడితే ఈ గదిలో ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు, వెనకాల వాగు అంత హోరెత్తేది. ఇప్పుడు వరసలో ఎవరో దగ్గితే వినిపిస్తోంది.

"అత్తయ్యా."

"ఊఁ."

"ఆకులు జల్లెడకి అడ్డం పడితే గొట్టం ఆగుతుంది. వాగెందుకు ఆగుతుంది?"

అత్త తల ఎత్తలేదు. "వాగు ఆగడమేంటే. ఎగువన ఇంకిపోతోందేమో."

"నేల పెంకులా ఉంది, ఇంకడం లేదని ఆయనే చెప్పాడుగా." ఆమె కొండ వైపు చెయ్యి చూపించింది. "పొద్దుట్నుంచీ కురుస్తోంది. ఆ నీళ్ళు గొట్టంలో లేవు. వాగులో లేవు. నేల్లోకి పోలేదు. మరి ఎక్కడున్నాయి?"

చెంచా అత్త చేతిలో ఆగిపోయింది.

ఆవిడ ఈ ఇంటికొచ్చి, ఈ గొట్టం పక్కనే ఇద్దర్ని కని, మొగుణ్ణి సాగనంపిన మనిషి. వానలో గొట్టం ఆగడం ఎన్నోసార్లు చూసింది. వానలో వాగు ఆగడం ఆవిడ కూడా చూడలేదు. అలాంటిది ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

"మానులు," అంది అత్త, గాలి వదిలినట్టు. "లోయలో పడున్నాయన్నాడే, ఆ కాలిన మానులు. వాటి వెనక నిలబడి ఉంటాయి."

ఇక ఇద్దరిలో ఎవరూ మిగతాది పైకి అనలేదు. మానుల వెనక మట్టీ బూడిదా మెత్తుకుని, దాని వెనక పొద్దుట్నుంచీ కురిసిన నీళ్ళు ఎదిగి ఎదిగి. దాని కింద కట్ట. కట్ట పక్కన మనిషి లోతు తొట్టి. తొట్టిలో ఇద్దరు. పిలిచింది తనే.

సుత్తి దగ్గరికి ఎలా వచ్చిపడిందో ఆమెకి తెలియలేదు. ఎత్తింది. ఎత్తి ఆగిపోయింది.

ఏం కొట్టాలి?

రెండు కొడితే ఇంకా గీకమని. ఆగకుండా కొడితే తొందరగా గీకమని, ఎండాకాలంలో అలాగే కొట్టేవాళ్ళు. పారిపొండి అని చెప్పడానికి ఎన్ని కొట్టాలో ఎవరూ పెట్టుకోలేదు. మామగారూ పెట్టలేదు, అత్తా పెట్టలేదు. ఆ వాగు నుంచి పారిపోవాల్సిన రోజు వస్తుందని ఎవరనుకున్నారు? పిల్లలు అందులో కాగితప్పడవలు వదిలేవాళ్ళు.

"మూడు కొడతానత్తయ్యా."

"రాకుండానే వచ్చాయనా?" అత్త అలవాటుకొద్దీ అనేసింది. "గొట్టం మీద అబద్ధమా? మా ఇంట్లో ఎప్పుడూ…"

"మూడు కొడితేనే గట్టెక్కుతారు!"

అత్త ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. "కొట్టు," అంది. "కొట్టు, కొట్టు, ఏం చూస్తావు!"

ఖంగు. ఖంగు. ఖంగు.

రెండు అరచేతులూ గొట్టానికి ఆనించింది. చెవి ఆనించింది. ఇనుము ఎండకి వేడెక్కి చెంప కాలుతోంది. రాదేం? ఎక్కు, ఎక్కు, ఒక్కసారి ఎక్కవయ్యా, నీకు దణ్ణం పెడతాను.

ఆ దెబ్బల భాష ఊరంతటికీ తెలుసు. మూడు వినపడేసరికి బయట వరస వరసంతా లేచింది. బకెట్లు ఒకదానికొకటి తగులుకుంటూ గుమ్మం మీద పడ్డారు. "వచ్చాయి! వచ్చాయట!" టీ కొట్టాయన అందరికంటే ముందు. లోపలికి తొంగి చూసి, ఎండిన ట్యాంకుని చూసి, ఆమెని చూసి, "ఏవమ్మా, ఆటలుగా ఉందా? ఎక్కడొచ్చాయి?" అని గయ్‌మన్నాడు.

"రాలేదు."

"మరి మూడెందుకు కొట్టావు? జనం వెర్రివాళ్ళలా కనిపిస్తున్నారా?"

"నోరు ముయ్యి!" అంది అత్త. ఆవిడ అలా అనడం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

ఆ నిశ్శబ్దంలో, చెంప కింద, ఒకే ఒక్క అదురు. ఖణేల్.

విన్నాం.

ఆమె నేల మీద కూలబడి ఏడుస్తూ నవ్వింది. జవాబు కొట్టాలంటే తొట్టిలోంచి కాదు, గట్టెక్కాలి. సుత్తి గట్టు మీదుంది. ఎక్కాడు. ఎక్కారు. మూడు విన్నాక ఇంకా తొట్టిలో ఏం పని? గట్టు మీంచి అక్కడి కాపలా గుడిసెలోకి వెళ్ళి కూర్చుంటారు, గుడిసె ఎత్తు మీదుంది. "ఎక్కారత్తయ్యా, ఎక్కేశారు" అని అత్త పాదాలు పట్టుకుని ఊపింది.

"వాగు పక్కనుంచి లేవండి," అని అత్త బయటికి పరుగెత్తింది. "వంతెన మీద ఎవరూ ఉండొద్దు, పిల్లల్ని తీసుకోండి, పైకి రండి, పైకి!" టీ కొట్టాయనకి ఏమర్థమైందో ఏమో, బకెట్టు అక్కడే పారేసి, తువ్వాలు ఊపుకుంటూ వాగు వైపు వీధిలో కేకలేసుకుంటూ పరుగు తీశాడు.

ముందు గొట్టం వణికింది. తర్వాత ఊళ వేసినట్టు దాని నోట్లోంచి గాలి వచ్చింది. ఆ వెంటనే నీళ్ళు. నీళ్ళే, ట్యాంకు గోడల్ని బాదుతూ, బురదా బొగ్గూ రాళ్ళూ కలిసి. గుమ్మం దగ్గర మిగిలినవాళ్ళలో ఎవరో అలవాటుగా బకెట్టు చాచారు కూడా. అబద్ధం నిజమైంది అనిపించింది ఆమెకి, అలా అనిపించినందుకే ఒళ్ళు జలదరించింది. నాలుగు ఊపిర్లు తీసేలోగా గొట్టం ఉక్కిరిబిక్కిరై, కక్కి, మూగబోయింది.

అప్పుడు వాగొచ్చింది. నీళ్ళలా రాలేదు. గోడ నడిచొచ్చినట్టు వచ్చింది, దాని నిండా నల్లటి మానులు. వంతెన ఉన్న చోట వంతెన లేదు. చప్పుడు ఆగేసరికి ఎవరు ఎవరితో ఏం మాట్లాడుతున్నారో ఎవరికీ తెలియలేదు. టీ కొట్టాయన కేకల వల్లే వాగు గట్టున మనుషులెవరూ పోలేదని తర్వాత అనుకున్నారు. అతని కొట్టు మాత్రం పోయింది.

ఆమె మళ్ళీ సుత్తి తీసి కొట్టింది. రెండో మూడో చూసుకోలేదు, ఊరికే కొట్టింది. శబ్దం ఎక్కడో దగ్గర్లోనే తెగి పడిపోతోంది. అటు కొస లేదు.

పొద్దు వాలుతుండగా మలుపు దగ్గర భర్త కనిపించాడు.

చెప్పుల్లేవు. ఒళ్ళంతా బురద ఎండి పెళ్ళలు కట్టింది. చేతిలో సుత్తి, తెగిన గొలుసుముక్క దానికి వేలాడుతూ. ఆమె చూపు అతని మీద నిలవలేదు, అతని వెనక్కి వెళ్ళింది. అత్త చూపు కూడా. మలుపు ఖాళీగా ఉంది. ఇద్దరూ ఆ ఖాళీనే చూస్తూ నిలబడ్డారు. వాడికి వేళాకోళం ఎక్కువ, ఏ గోడ చాటునో నక్కి ఉంటాడు, ఇప్పుడు దూకుతాడు.

భర్త వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. అడగకముందే చెప్పడం మొదలెట్టాడు, పక్కవాడి సంగతి చెబుతున్నట్టు.

"జల్లెడకి ఆకులేం లేవు. ఒక కొమ్మ ఇరుక్కుని ఉంది. నీళ్ళు కూడా లేవు, అడుగున కాస్త బురద. ఇదేంటి ఇలా ఉంది అనుకుంటున్నాం. అంతలో మూడు వినిపించాయి. 'చుక్క పోవడం లేదుగా, వదిన మూడెలా కొట్టింది?' అన్నాడు. పొరపాటు పడుంటుంది, గట్టెక్కు, అన్నాను." అతను సుత్తి అటూ ఇటూ తిప్పాడు. "'నువ్వెళ్ళి జవాబు కొట్టన్నయ్యా, సుత్తి నీదేగా' అన్నాడు. 'అక్కడ అంతమందిలో వదిన మాట అబద్ధమైపోతుంది. ఈ కొమ్మొక్కటి లాగేస్తే దిగుతాయి నీళ్ళు. వదిన మాట నిజం చేసేసి వస్తా' అన్నాడు. నేనెక్కాను. కొట్టాను. కొట్టి వెనక్కి తిరిగాను."

అంతవరకే చెప్పాడు.

అత్త అరవలేదు, రొమ్ము బాదుకోలేదు. "సుత్తి," అంది. మళ్ళీ, "సుత్తి నీదేగా అన్నాడా?" అంది. తర్వాత లోపలికెళ్ళి గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆమె గొట్టం వైపే చూస్తోంది. రెండు కొట్టి లోపలికి దింపింది తను. మూడు కొట్టి ఒకణ్ణి పైకి లాగింది తను. ఆ మూడే ఇంకొకణ్ణి అక్కడ పట్టి ఉంచాయి. అత్తకి ఇది తెలుసు, భర్తకీ తెలుసు. ఒక్క మాట తిట్టినా బాగుండేది. ఎవరూ తిట్టలేదు, ఆ రోజూ తిట్టలేదు, ఆ తర్వాతా తిట్టలేదు.

చీకటి పడుతుంటే కుట్టుమిషను ఆవిడ వచ్చింది. కొంగు చాటు నుంచి సీసా తీసింది. అందులో సగం పైగా తేటనీళ్ళు. "మిషను కింద దాచుకున్నాను," అంది తల దించుకుని. "పొద్దుటే ఇవ్వాల్సింది." ఆమె సీసా అందుకుంది. పొయ్యి వెలిగించి నీళ్ళు కాచింది, పొడి కలిపింది, చెంచాతో బిడ్డ నోట్లో పోసింది. పిల్ల గుటకేసింది. ఇంకో చెంచా. ఇంకో గుటక. కొంచెం గడ్డం మీంచి కారితే, వేలితో తుడిచి ఆ వేలు కూడా దాని నోట్లో పెట్టింది.

మరిదిని మూడో నాడు దిగువన ఇసుకలో చూశారు. చేతిలో కొమ్మ ఏమీ లేదు. ఆమె అది అడిగి తెలుసుకుంది, ఎందుకడిగిందో తనకే తెలియదు.

బిడ్డ బతికింది. ఊరూ బతికింది, అలా అనుకోవాలంతే. ఇప్పుడు నీళ్ళు ట్యాంకరు లారీల్లో ఎక్కడెక్కడి నుంచో వస్తాయి, వచ్చిన రోజు కొట్టుకుంటారు, రాని రోజు ఎదురుచూస్తారు. వాగు ఆ రోజు అలా వచ్చిపోయి మళ్ళీ రాలేదు. భర్త ఒకసారి ఆఫీసువాళ్ళతో పైకెళ్ళాడు. కట్ట లేదు, తొట్టి లేదు, రాయి తప్ప మట్టి కూడా లేదు అన్నాడు. మట్టి లేనిచోట చెట్టు రాదు, చెట్టు లేనిచోట నీళ్ళు నిలవవు. మళ్ళీ ఎప్పుడు వేస్తారు కొత్త గొట్టం అని టీ కొట్టాయన అడిగితే, "దేంట్లోంచి వేస్తారు?" అన్నాడు.

ట్యాంకు గదిలో పాత గొట్టం ముక్క గోడలోంచి అలాగే పొడుచుకుని ఉంది. అత్త దాని పక్కనే చాప వేసుకుని కూర్చుంటుంది. తల దువ్వుతానత్తయ్యా అని ఆమె దువ్వెన పట్టుకుని వెళ్తే, "రేపు దువ్వుదువుగానిలే" అంటుంది. రోజూ రేపే. జుట్టంతా చిక్కుపడి ఉండ కట్టింది.

పిడికెడుకి పాకడం వచ్చింది. ఓ మధ్యాహ్నం గచ్చు మీద చెంచా దొరికింది దానికి. ఈడ్చుకుంటూ వెళ్ళి గొట్టం పట్టుకుని లేచి నిలబడింది. కొట్టింది. ఖంగు. దానికి ఆ చప్పుడు నచ్చింది. ఖంగు. ఇంకోటి. ఆమె వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. చెంచా లాక్కోబోయింది. పిల్ల పట్టు వదల్లేదు, మీదికీ కిందికీ గొట్టమంతా బాదడం మొదలెట్టింది. రెండూ కాదు, మూడూ కాదు. దరువు.

"కొట్టనీ," అంది అత్త, చాప మీంచి.

ఆమె చెయ్యి ఆగింది.

"కొట్టుకోనీవే. వినేవాళ్ళెవరున్నారని."